పట్టుబట్టల కాపరులు, మేకకాళ్ల సాటిర్లు: 18వ శతాబ్దపు ఐరోపా ఎచింగ్‌లు ఏమి చెబుతున్నాయి?

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2012లో, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తమ సేకరణల్లోని వేలాది చిత్రాల ప్రతులను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాయి. ఒకప్పుడు పరిశోధకులు అనుమతి తీసుకుని, పెట్టెలు తెరిపించుకుని చూడవలసి వచ్చిన పాత ముద్రాచిత్రాలు ఇప్పుడు ఫోను తెర మీదికి వచ్చాయి. వాటిలో చూసేవారిని బాగా తికమక పెట్టేవి 18వ శతాబ్దపు ఎచింగ్‌లు, అంటే రాగి పలక మీద ఆమ్లంతో గాడులు తీసి అచ్చువేసిన బొమ్మలు. మేక కాళ్లున్న మనుషులు, బట్టల్లేని వనదేవతలు, పట్టుపావడాలు కట్టి గొర్రెలు కాసే అమ్మాయిలు, పగిలిన పాలరాతి స్తంభాల పక్కన మేసే ఆవులు. ఇవి భక్తి చిత్రాలా, శృంగార చిత్రాలా, గోడకు అలంకారమా? ఒకే బొమ్మను ఒకచోట ‘ఎచింగ్’ అని, ఇంకోచోట ‘ఎన్‌గ్రేవింగ్’ అని ఎందుకు రాస్తారు? అడుగున మూడు పేర్లుంటే అసలు చిత్రకారుడు ఎవరు?

విడివిడిగా కనిపించే ఈ ప్రశ్నలకు ముడి ఒక్కచోటే ఉంది. రాగి మీద గీత ఎవరి చేతిది, ఆ చేయి ఎవరి కోసం పనిచేసింది అన్నది తెలిస్తే, ఆ సాటిర్ ఎందుకు గంతులేస్తున్నాడో, ఆ కాపరి బట్టలకు మట్టి ఎందుకు అంటలేదో చాలావరకు అర్థమవుతుంది.

సూది గీస్తుంది, ఆమ్లం తవ్వుతుంది

రాగి రేకు అనగానే మనకు తిరుమలలో దొరికిన తాళ్లపాక వారి సంకీర్తనల రేకులు గుర్తొస్తాయి. అవి చదువుకోవడానికి, భద్రంగా దాచుకోవడానికి చెక్కినవి. ఎచింగ్ పలక కాగితం మీద అచ్చు వేయడానికి కాబట్టి దాని మీద బొమ్మ కుడిఎడమలు తారుమారుగా ఉంటుంది.

నునుపు చేసిన రాగి పలకను వేడిచేసి, మైనం, గుగ్గిలం, తారు వంటివి కలిపిన పలుచని పూత పూస్తారు. గీతలు స్పష్టంగా కనబడడానికి ఆ పూతకు పొగ పట్టించి నల్లబరుస్తారు. తర్వాత సూదితో బొమ్మ గీస్తారు. సూది రాగిని తవ్వదు, పూతను మాత్రమే గీకి లోహాన్ని బయటపెడుతుంది. ఇప్పుడు నత్రికామ్లం వంటిది పోస్తే, పూత పోయినచోట మాత్రమే రాగి కరిగి గాడి పడుతుంది. లేతగా ఉండాలనుకున్న గీతల మీద కొంతసేపటికి వార్నిష్ పూసి, మిగతావాటిని ఇంకాసేపు ఆమ్లానికి వదిలేస్తారు. ఎంత ఎక్కువసేపు కరిగితే గీత అంత నల్లగా వస్తుంది. దూరపు కొండలు పలచగా, దగ్గరి చెట్టు చిక్కగా కనిపించడం వెనక ఉన్నది ఈ కాలం లెక్కే. చివరికి పూత తుడిచేసి, గాడుల్లో సిరా నింపి, పైపైన ఉన్న సిరాను గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు.

ఎన్‌గ్రేవింగ్‌లో ఆమ్లం ఉండదు. బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టును అరచేత్తో తోస్తూ రాగిని నేరుగా తవ్వాలి. చేయి కుదరడానికి ఏళ్ల సాధన కావాలి. ఆ గీత సన్నగా మొదలై, ఉబ్బి, మళ్లీ కొసదేలుతుంది. ఎచింగ్ గీత మొదటినుంచి చివరివరకు దాదాపు ఒకే మందంలో ఉండి, మొద్దుగా ఆగిపోతుంది. వంపు తిరిగేటప్పుడు చేతి వణుకు కూడా అందులో మిగులుతుంది. భూతద్దంలో గీత చివరలు చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

అయితే 18వ శతాబ్దంలో చాలా పలకలు రెండు పద్ధతుల్లోనూ నడిచాయి. ముందు ఆమ్లంతో బొమ్మ కూర్చి, తర్వాత బ్యూరిన్‌తో నీడలు, బట్టల మెరుపు తీర్చిదిద్దేవారు. అందుకే ఒకే చిత్రానికి రెండు పేర్లు కనబడతాయి. రెండూ తప్పు కావు.

అభిరుచిలో వచ్చిన మార్పును కూడా గమనించాలి. అబ్రహామ్ బోస్ 1645లో పారిస్‌లో ఈ విద్యపై ప్రామాణిక గ్రంథం రాసినప్పుడు, ఎచింగ్ గీత బ్యూరిన్ గీతలా కనబడటమే గొప్ప అన్నాడు. సరిగ్గా నూరేళ్లకు, 1745లో, షార్ల్-నికొలా కొషాన్ ఆ పుస్తకాన్ని సవరించి మళ్లీ తెచ్చేనాటికి రసికులు గీతలోని స్వేచ్ఛనే మెచ్చుకుంటున్నారు. ఆకుల గలగల, మేక బొచ్చు, రెల్లుపొద, నీటి మీద ఎండ: బ్యూరిన్‌కు కష్టమైన ఇవన్నీ సూదికి సహజంగా వస్తాయి. కాపరులూ వనదేవతలూ ఎచింగ్‌లోకి అంత గుంపుగా రావడానికి ఇది బలమైన కారణమని నేను నమ్ముతున్నాను. వారు ఉండే చోటే ఆకులతో, నీటితో నిండినది.

అడుగున ఉన్న పేర్లు

ముద్రాచిత్రం కింద లాటిన్‌లో చిన్న అక్షరాలుంటాయి. ‘పింక్సిట్’ అంటే రంగుల్లో చిత్రించినవాడు. ‘ఇన్వెనిట్’ అంటే బొమ్మను ఊహించినవాడు. ‘స్కల్ప్సిట్’ అంటే దాన్ని రాగిపైకి ఎక్కించినవాడు. ‘ఎక్స్కూడిట్’ అంటే ప్రచురించినవాడు. ‘ఇన్వెనిట్’, ‘ఫెకిట్’ రెండూ ఒకే పేరు పక్కన ఉంటే, ఊహించినదీ గీసినదీ ఆ ఒక్కరే.

ఆంట్వాన్ వాతో ఉదాహరణ చూద్దాం. తోటల్లో, సంగీతం మధ్య, ఆడామగా కబుర్లాడుకునే దృశ్యాలకు ఈయన ప్రసిద్ధుడు. 1717లో ఫ్రెంచ్ రాజ అకాడమీకి సమర్పించిన చిత్రంలో ఆ కాలపు దుస్తుల్లో ఉన్న జంటలు వీనస్ దేవత ద్వీపమైన సితేరా యాత్రలో కనిపిస్తాయి. పురాణమూ పల్లె విహారమూ అక్కడ ఒక్కటైపోయాయి. వాతో తన చేత్తో చేసిన ఎచింగ్‌లు కొద్దే. 1721లో 36 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాక, మిత్రుడు, బట్టల పరిశ్రమ యజమాని అయిన జాన్ ద జుల్లియెన్ ఆయన రేఖాచిత్రాలను ఎచింగ్‌లుగా వేయించి 1726, 1728 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా తెచ్చాడు. సుమారు 350 పలకలు. వాటిలో వందకు పైగా చేసినవాడు అప్పటికి ఇరవైల్లో ఉన్న ఫ్రాన్స్వా బూషే. తర్వాతి కాలంలో కాపరి చిత్రాలకు మారుపేరైన బూషే చేయి, మరణించిన మరో చిత్రకారుడి గీతను అనుసరిస్తూ పదునెక్కింది. ఇందులో ఒక పలకను ‘వాతోది’ అన్నా ‘బూషేది’ అన్నా సగమే చెప్పినట్టు.

దేవతలూ గొర్రెలూ ఎక్కడి నుంచి వచ్చాయి

ఈ చిత్రాలు పుట్టిన సమాజం క్రైస్తవ సమాజం. పాత రోమన్ దేవతలైన జూపిటర్‌నో వీనస్‌నో అక్కడ ఎవరూ పూజించలేదు. కానీ చదువుకున్నవారంతా లాటిన్ నేర్చుకునేవారు, ఆ చదువులో రోమన్ కవి ఆవిడ్ చెప్పిన రూపాంతర కథలు తప్పనిసరి. డాఫ్నీ చెట్టుగా మారడం, యూరోపాను ఎద్దు రూపంలో జూపిటర్ ఎత్తుకుపోవడం వంటివి అందరికీ తెలిసిన కథలు. చిత్రకారుడు సైగ చేస్తే చాలు, చూసేవారు మిగతాది పూరించుకునేవారు. ఆవిడ్ కథలకు బూషే, ఎయిసెన్, గ్రావెలో, మొరో వంటివారి బొమ్మలతో 1767 నుంచి 1771 వరకు పారిస్‌లో నాలుగు సంపుటాల ప్రచురణ వచ్చిందంటే ఆ గిరాకీ ఊహించవచ్చు.

కాపరి లోకం వంశం వేరు. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో సిసిలీ ప్రాంతపు గ్రీకు కవి తియోక్రిటస్ పశుల కాపరుల పాటల పోటీలను, ప్రేమలను కవిత్వంగా చేశాడు. రెండు శతాబ్దాల తర్వాత వర్జిల్ ఆ సంప్రదాయాన్ని లాటిన్‌లోకి తెచ్చి, గ్రీసులో నిజంగా ఉన్న ఆర్కేడియా అనే కొండ ప్రాంతాన్ని ఊహాలోకంగా మార్చాడు. సాటిర్లు మద్యదేవుడైన బాకస్ పరివారం. వారికి రెండు లోకాల్లోనూ చోటుంది.

ఈ పాత సాహిత్యానికి తోడు నేల కూడా కొత్త సరుకు ఇచ్చింది. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియంలో 1738లో, పాంపేయీలో 1748లో తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడి గోడచిత్రాల ప్రతులు 1757 నుంచి నేపుల్స్‌లో పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి. అప్పటిదాకా పుస్తకాల్లో చదివిన వనదేవతలు గోడల మీద నాట్యం చేస్తూ కనబడ్డారు.

ఒకే సాటిర్, రెండు చేతులు

ఫ్రెంచ్ చిత్రకారుడు ఫ్రాగొనార్ ఇటలీలో విద్యార్థిగా ఉండి, అబే ద సాన్‌నాన్ అనే సంపన్న కళాభిమానితో కలిసి అక్కడి చిత్రాలను నకలు చేసుకుంటూ తిరిగి 1761లో పారిస్ చేరాడు. 1763 ప్రాంతంలో నాలుగు చిన్న ఎచింగ్‌లు చేశాడు. ఒక్కొక్కటి చిన్న పుస్తకం పుట అంత ఉంటుంది. పిచ్చిగా పెరిగిన రెల్లు, వెడల్పాటి ఆకుల మధ్య పాత రాతి పలక ఒకటి. ఆ పలక మీద శిల్పంగా సాటిర్లు, వనదేవత, పిల్లలు. అయితే శిల్పం రాతిలా ఉండదు. ఒళ్లు వెచ్చగా, కదులుతున్నట్టు ఉంటుంది. చుట్టూ ఉన్న ఆకులకు, లోపలి బొమ్మలకు దాదాపు ఒకే రకం గీత వాడటం వల్ల ఎక్కడ రాయి ముగిసి ఎక్కడ ప్రాణం మొదలైందో చెప్పలేం. బ్యూరిన్ నిపుణుడు రాతికి ఒక రకం గీత, ఒంటికి ఇంకో రకం గీత వాడి ఈ రెంటినీ విడదీసేవాడు. ఇక్కడ పురాతన శిల్పం అధ్యయన వస్తువుగా మొదలై ఆటగా మారింది. పెద్ద చిత్రానికి నకలుగా చేసినవి కాకపోవడంతో, ఇవి చిత్రకారుడు తన ఇష్టంతో గీసుకున్నట్టు కనిపిస్తాయి. ఈ నాలుగూ చూడకుండా ఆ శతాబ్దపు ఎచింగ్ గురించి మాట్లాడటం నాకు అసాధ్యం.

వెనీస్‌కు చెందిన జంబాటిస్టా టియెపొలో సాటిర్లు వేరే జాతి. పైకప్పుల మీద మబ్బులు, దేవతలు నింపిన ఈ మహా చిత్రకారుడు రెండు ఎచింగ్ వరుసలు చేశాడు. పది పలకల ‘కాప్రిచ్చి’ని జానెట్టి అనే సేకర్త 1743లో తన సంకలనంలో చేర్చాడు. 23 పలకల ‘స్కెర్జి’ ఆయన మరణానంతరం కుమారుడు జన్‌డొమెనికో ద్వారా బయటికి వచ్చాయి. వాటిలో గడ్డం మాంత్రికులు, కర్రకు చుట్టుకున్న పాములు, గుడ్లగూబలు, కూలిన బలిపీఠాలు, ఎముకలు, మధ్యమధ్య సాటిర్ల కుటుంబాలు కనిపిస్తాయి. గీతలు పొట్టిపొట్టిగా తెగిపోతూ ఉంటాయి. మధ్య వదిలేసిన తెల్ల కాగితమే కళ్లు చెదిరే ఎండలా కనబడుతుంది. ఒక్క పలకకూ కథ తెలియదు.

ఇక్కడే పండితులు విడిపోతారు. ఇవి మంత్రతంత్రాలు, మరణం, పాత మతాల క్షయం గురించి గూఢార్థంతో కూర్చినవని ఒక వర్గం వాదిస్తుంది. రెండు వరుసల పేర్లకూ ‘చపలత్వం’, ‘వేడుక’ అనే అర్థాలున్నాయి కదా, ఇది 17వ శతాబ్దపు కాస్టిల్యొనె, సాల్వతోర్ రోసా ఎచింగ్‌లను తలచుకుంటూ చేసిన ఊహావిహారమే అని ఇంకో వర్గం. పాములూ గుడ్లగూబలూ అన్నిసార్లు తిరిగి రావడాన్ని రెండో వాదం సరిగా వివరించలేదు. ఏ పలకకూ నిలబడే ఒక్క కథను మొదటి వాదం చూపలేదు. ఒక తెలిసిన కథను చెప్పాల్సిన బాధ్యత నుంచి పురాణ పాత్రలను టియెపొలో విడిపించాడన్నంతవరకు మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు.

మట్టి అంటని కాపరులు

పాస్టోరల్, అంటే కాపరి చిత్రాల మీద వచ్చిన పెద్ద ఆరోపణను ఒక దృశ్యం ప్రయాణం ద్వారా చూడవచ్చు. 1745లో పారిస్ సంతలో షార్ల్-సిమోన్ ఫవార్ గ్రీసులోని టెంపే లోయ ద్రాక్షకోతల మీద ఒక మూకాభినయ ప్రదర్శన పెట్టాడు. అందులోని కాపరి జంట నుంచి బూషే చిత్రాలు పుట్టాయి. కాపరి తన ప్రియురాలికి వేణువు ఊదడం నేర్పే చిత్రం ఆ కోవలోది. దాన్ని రెనె గయ్యార్ 1758లో ముద్రాచిత్రంగా చేశాడు. ఆ కాగితం ఇంగ్లండ్ చేరింది. 1765 ప్రాంతంలో చెల్సీ పింగాణీ కర్మాగారం దాన్ని చూసి, పూలపొద మధ్య కూర్చున్న అదే జంటను పింగాణీ బొమ్మగా పోత పోసింది. రంగస్థలం నుంచి కాన్వాసుకు, కాన్వాసు నుంచి రాగికి, రాగి నుంచి సంపన్నుల ఇంటి అలమారలోకి సాగిన ఈ దారిలో ఎక్కడా నిజమైన గొర్రెల కాపరి తగలలేదు.

ఫ్రెంచ్ రచయిత, తత్వవేత్త దెనీ దిదెరో 1761లో అకాడమీ ప్రదర్శనను సమీక్షిస్తూ కోపగించుకున్నది దీనిమీదే. ఇంత సొగసుగా, ఇంత ఖరీదుగా అలంకరించుకున్న కాపరులను ఎక్కడ చూశామని ఆయన ప్రశ్న. బూషేకు నైపుణ్యమంతా ఉందని, లేనిది సత్యమేనని ఆయన తీర్పు. బూషే పక్షాన చెప్పదగిన మాట కూడా బలమైనదే: ఆయన గీసింది పల్లెను కాదు, నాటకాన్ని. నాటకంలో కాపరి పట్టుబట్ట కట్టడం ఎవరినీ మోసం చేయదు.

గెస్నర్: రాసినవాడే గీస్తే

దిదెరో కోపం కాపరి చిత్రాలన్నిటి మీదా అనుకుంటే పొరబాటవుతుంది. 1772లో జూరిచ్‌లో ఒకే పుస్తకంలో ఇద్దరి రచనలు కలిసి అచ్చయ్యాయి. ఒకరు దిదెరో. రెండోవారు ఆ కాలంలో కాపరి కవిత్వానికి ఐరోపా అంతటా పేరుపొందిన సాలమోన్ గెస్నర్.

గెస్నర్ 1730లో జూరిచ్‌లో ప్రచురణకర్తల కుటుంబంలో పుట్టాడు. 1756లో వచన కవితలుగా రాసిన ‘ఇడిల్స్’ అనేక భాషల్లోకి వెళ్లాయి. ముప్పై ఏళ్ల వయసులో పట్టుదలగా చిత్రలేఖనానికి దిగాడు. మామగారి చిత్రాల సేకరణ అందుకు ఊతమిచ్చింది. తన కవిత, తన బొమ్మ, తన అచ్చుకూటం: ఆ కాలంలో ఇలా అన్నీ ఒక్క చేతిలో ఉన్నవారు అరుదు. పైగా నగర పాలక మండలి సభ్యుడు, తర్వాత నగర అడవుల అధికారి. ఆయన ఉన్నది రాజాస్థానంలో కాదు, వ్యాపారులు నడిపే గణతంత్ర నగరంలో.

1770లో ప్రకృతి చిత్రణ గురించి రాసిన లేఖలో తన కష్టాన్ని నిజాయితీగా చెప్పుకున్నాడు. మొదట నేరుగా చెట్లను చూసి గీయబోతే వివరాల్లో తప్పిపోయాడట. అప్పుడు చెట్ల కోసం 17వ శతాబ్దపు డచ్చి ఎచింగ్ చిత్రకారుడు వాటర్‌లూను, దూరపు వెలుగు కోసం క్లాడ్ లొరైన్‌ను అధ్యయనం చేసి, ఆ చూపుతో మళ్లీ ప్రకృతి దగ్గరికి వెళ్లాడు. ఈ క్రమం ఆయన పలకల్లో కనిపిస్తుంది. నీటి ఊట, దాని మీద వాలిన కొమ్మలు, పాచి పట్టిన గుడి, దూరంగా ఇద్దరో ముగ్గురో మనుషులు. ప్రాచీన గ్రీకు బట్టలే, కానీ మనిషి చిన్నవాడు, చెట్టు పెద్దది. బూషే పలకల్లో ప్రకృతి మనిషికి తెర. గెస్నర్ పలకల్లో మనిషి ప్రకృతికి అతిథి.

ఆ 1772 సంపుటంలోనే గెస్నర్ ఆర్కేడియాను వదిలి సొంత దేశపు కొండల్లోకి వచ్చాడు. 1388 నాటి నేఫెల్స్ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ముసలివాడు ఒక యువ కాపరికి తన కథ చెబుతాడు. కాపరి లోకంలోకి చరిత్ర, గాయం, పౌరబాధ్యత వచ్చాయి. గెస్నర్‌ది కూడా తీపి ఎక్కువైన లోకమేనని, అక్కడ దుర్మార్గుడు కనబడడని విమర్శ ఉంది. అది న్యాయమైన విమర్శే. కానీ దర్బారు వినోదానికీ, మనిషి ఇలా కూడా బతకవచ్చు అనే నైతిక స్వప్నానికీ తేడా ఉంది. ఆ తేడాను దిదెరో గుర్తించబట్టే ఆ పుస్తకం సాధ్యమైందని నాకు అనిపిస్తుంది.

దేవతలకు మేజోళ్లు తొడిగిన హోగార్త్

లండన్‌లో విలియం హోగార్త్ 1738లో చేసిన పలక ఈ చర్చకు ఇంకో కొస. ఊరూరా తిరిగే నాటక బృందం పశువుల కొట్టంలో వేషాలు కట్టుకుంటోంది. మధ్యలో సగం బట్టలతో వేటదేవత డయానా. జూపిటర్ భార్య జూనో పాత్రధారిణి తోపుడు బండి మీద కాలు చాపి సంభాషణ వల్లిస్తుంటే, ‘రాత్రి’ దేవత ఆమె మేజోడు కుడుతోంది. మన్మథుడైన క్యుపిడ్ వేషపు పిల్లవాడు నిచ్చెన ఎక్కి, రంగుల మబ్బు మీద ఆరేసిన మేజోళ్లు అందుకుంటున్నాడు. పక్కనే కిరీటం దగ్గర ఒక కాగితం ఉంది. అది సంచార నటుల మీద పార్లమెంటు చేసిన చట్టం. 1737 నాటి నాటక నియంత్రణ చట్టంతో ఇలాంటి బృందాల బతుకు నేరమైపోయింది. పలకలోని నవ్వు వెనక ఒక జీవనోపాధి పోతోంది. ఇందులో ఎచింగ్, ఎన్‌గ్రేవింగ్ రెండూ ఉన్నాయి. తన బొమ్మలను దొంగ అచ్చుల నుంచి కాపాడుకోవడానికి హోగార్త్ పోరాడి సాధించిన 1735 చట్టం వల్ల పలకపై హక్కు 14 ఏళ్లపాటు ఆయనదే. పోషకుడి కోసం కాకుండా కొనుగోలుదారుల కోసం గీయడంతో, దేవతను దించి కొట్టంలో నిలబెట్టే స్వేచ్ఛ ఆయనకు దక్కింది.

నేటి వాదాలు

ఈ చిత్రాలు పల్లె ఆకలిని దాచాయన్నది ఒక వాదం. 1775 వసంతంలో రొట్టెల ధర పెరిగి పారిస్ చుట్టూ ‘పిండి యుద్ధం’గా పిలిచే అల్లర్లు జరిగాయి. ఎనిమిదేళ్లకు వెర్సాయ్ తోటలో రాణి మరీ ఆంట్వానెత్ కోసం అందమైన నకిలీ పల్లె కట్టడం మొదలైంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే వాదం బలం తెలుస్తుంది. దీనికి ఎదురువాదం వర్జిల్ మొదటి కాపరి కవితను చూపుతుంది. అందులోనే ఒక కాపరి భూమి పోగొట్టుకుని ఊరు విడిచి వెళుతున్నాడు. కాపరి లోకంలో మొదటి నుంచీ నష్టం దాగి ఉందని, దాన్ని మరిచినవారు కొందరు చిత్రకారులే గాని ఆ సంప్రదాయం కాదని వారి మాట. నేను రెండో వాదం వైపే మొగ్గుతాను. బూషే పింగాణీ జంటకు మాత్రం మొదటి వాదమే సరిపోతుంది.

స్త్రీ శరీరం గురించిన ప్రశ్న ఇంకా కఠినమైనది. ఆవిడ్ కథల్లో చాలావాటిలో ఒక దేవుడు ఇష్టం లేని స్త్రీని తరుముతాడు. 18వ శతాబ్దపు బొమ్మలు ఆ భయాన్ని తరచూ సరసంగా మార్చేశాయి. సేకరించినవారిలో ఎక్కువమంది పురుషులే. ఫ్రాగొనార్ సాటిర్ కుటుంబంలో తల్లీతండ్రీ పిల్లలూ కలిసి ఆడుకోవడం ఆ మూసకు లొంగదు. ఫ్రెంచ్ రాజు 15వ లూయీ ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ కూడా అంతే. జాక్ గే చెక్కిన రత్నాల మీది పురాణ దృశ్యాలను, బూషే గీసిచ్చిన నమూనాల సాయంతో, ఆమె తన చేత్తో ఎచింగ్‌లుగా చేసింది. అయినా ఇవి మినహాయింపులే గాని ఆరోపణను కొట్టివేయలేవు. మ్యూజియంలు ఇప్పుడు చిత్రం పేరులో ‘అపహరణ’ అని ఉన్నచోట కథలో నిజంగా జరిగింది ఏమిటో వివరించడం అవసరమైన పనే.

శతాబ్దం చివరికి మనుషుల మీద శ్రద్ధ తగ్గి మొక్కల మీదికి మళ్లింది. జర్మన్ చిత్రకారుడు కార్ల్ విల్‌హెల్మ్ కోల్బె తన ఎచింగ్‌లలో అడవి ఆకులను మనిషికంటే ఎత్తుగా పెంచాడు. 1801 ప్రాంతంలో చేసిన ఆర్కేడియా పలకలో పాత సమాధి ముందు నిలిచిన జంట ఆ ఆకుల మధ్య దాదాపు మునిగిపోతుంది. గెస్నర్ పోయి పదిహేడేళ్లయ్యాక, 1805లో కోల్బె జూరిచ్ వెళ్లి, గెస్నర్ రంగుల చిత్రాలను ఎచింగ్‌లుగా మార్చే పనిలో కొన్నేళ్లు గడిపాడు. ఆ పలకలను గెస్నర్ సొంతంగా గీసినవాటి పక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. చెట్లు, నీరు, గుడి అన్నీ గెస్నర్‌వే. గడ్డి మాత్రం కోల్బెది.